వెనక కూర్చున్నవాళ్ళు

ఆ పేజీ ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. తాళం లేదు, పాస్‌వర్డు లేదు. అందులో నేను రాసిన అభ్యంతరం ఉంది, నా పేరుంది, దాని కింద ఆ రోజు సమావేశం నడిపినాయన రాసిన ముక్కలున్నాయి. "అభ్యంతరం ఒకటి. బలపరిచినవారు లేరు. మార్పు ఆమోదం పొందింది." ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. నాకు మంట అందుకే. అబద్ధమైతే ఎవరితోనో ఒకరితో కొట్లాడేదాన్ని.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. చూసుకోవడం అంటే పెద్దగా ఏమీ లేదు, పిల్లలు విరగ్గొట్టిన కీబోర్డులు మార్చడం, ప్రిన్సిపాల్ గారి ప్రింటరు మొరాయిస్తే పోయి దాన్ని నాలుగు తట్టడం. మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతుంది. ఇద్దరమే ఉంటాం. ఈ రెండు గదుల ఇంట్లో, తునికాకు వాసనలో కూర్చుని నేను చెరుకు రైతుల కోసం ఒక సాఫ్ట్‌వేర్‌కు కొన్నేళ్ళు పనిచేశాను. నాకు సెంటు భూమి లేదు. చెరుకు తినడం తప్ప ఇంకేమీ తెలియదు. ఇదంతా మొదలుపెట్టింది మా సార్, ఆయన పిలిస్తే పోయాను.

బోధన్ చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్ళకు, దగ్గరి ఫ్యాక్టరీ మూతబడ్డాక, పంటను దూరం పంపక తప్పలేదు. కోతకు సరిహద్దు అవతలి నుంచి కూలీల ముఠాలు వస్తాయి. ముఠా పెద్దను ముకాదం అంటారు. ఏ ఊరికి ముందు రావాలి, ఎవరి చేను ముందు కొట్టాలి అన్నది ముకాదమూ లారీలాయనా నలుగురు పెద్ద రైతులూ ఎవరింట్లోనో కూర్చుని తేల్చుకునేవాళ్ళు. చాయ్ తాగి లేచేసరికి వరుస ఖాయమయ్యేది. ఆ వరుసలో ఎప్పుడూ ఆఖరున ఉండేది మంజీర ఒడ్డున ఉన్న ఒక ఊరు. దారి బాగుండదు, ఊళ్ళో పెద్ద రైతు లేడు, అడిగే దిక్కు లేదు. అక్కడి చెరుకు ఎండలు ముదిరేదాకా నిలబడి, పూతకొచ్చి, లోపల బెండుబారిపోయేది.

సార్ బోధన్‌లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ చుట్టుపక్కల నలభై దాటిన చదువుకున్నవాళ్ళలో ఆయన చేతి దెబ్బ తిననివాడు లేడు. ఆయనకు ఈ చాటుమాటు వరుసలు చూసి కడుపు మండింది. నాటిన తేదీ, చెరుకు రకం, పొలం ఎక్కడుందో చెబితే ఏది ముందు పండుతుందో లెక్కగట్టి వరుస చూపించే సాఫ్ట్‌వేర్ చేద్దామన్నారు. ముకాదం ఫోనులోనూ అదే వరుస కనిపిస్తుంది, రైతు ఫోనులోనూ అదే కనిపిస్తుంది. ముకాదాలకు ఊళ్ళ వెంట తిరుగుడు తగ్గింది కనుక వాళ్ళూ ఒప్పుకున్నారు. మంజీర ఒడ్డు చెరుకు మొదటిసారి చలి ఉండగానే లారీ ఎక్కింది.

వరుస ఎంత బహిరంగమో దాన్ని కట్టే సాఫ్ట్‌వేరూ అంతే బహిరంగంగా ఉండాలన్నారు సార్. కోడు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా సరిచేయొచ్చు, ఎవరి సొత్తూ కాదు. అట్లా పెట్టేసరికి పుణె నుంచి ఇద్దరు ముగ్గురు, విజయవాడ వైపు నుంచి ఒకాయన, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక చెయ్యి వేశారు. మనుషులు పెరిగాక నియమాలు కావలసి వచ్చాయి. పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఎట్లా నడుచుకుంటాయో చదివి సార్ చక్కటి తెలుగులో రాసిపెట్టారు. సాఫ్ట్‌వేర్ పునాదిని ఎవరైనా మార్చాలనుకుంటే, ఎందుకో ఎట్లాగో అందరికీ కనబడే పేజీలో రాయాలి, దాన్ని ఇంకొకరు బలపరచాలి. మూడు వారాలు వదిలేయాలి. ఆ తర్వాత వీడియోలో సమావేశం. అభ్యంతరం ఉన్నవాళ్ళు పేరు పెట్టి చెప్పాలి. ఆ అభ్యంతరాన్ని ఇంకొక్కరు నోటితోనో రాతతోనో బలపరిస్తే మార్పు ఆగిపోతుంది. ఎవరూ బలపరచకపోతే ముందుకు పోతుంది. ఒక్క మనిషి మొండితనానికి అందరి పనీ ఆగిపోకూడదని ఆ రెండో మనిషి షరతు. అందులో తప్పేముంది? ఇవాళ అడిగినా నేను తప్పు పట్టలేను.

మొదట్లో మేము వేసిన పునాది చాలా మోటుది. మా కాలేజీవాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటర్లను నేనే బాగుచేసి ఊరికొకటి ఇచ్చాను. ఊళ్ళో ఒకరింట్లో అది ఉంటుంది. ఆ ఊరి వివరాలు దాంట్లోనే ఉంటాయి. నెట్ ఉన్నప్పుడు పక్క ఊళ్ళ కంప్యూటర్లతో మాట్లాడుకుంటుంది, లేకపోతే ఎవరో ఒకరు ఫోనులో ఎక్కించుకుని తీసుకుపోయి కలుపుతారు. నెట్ లేకపోయినా ఊరి పని ఆగదు. బాధేమిటంటే ఒక్కోసారి రెండు ఊళ్ళ లెక్కలు కలిసినప్పుడు తేడా వచ్చేది, దాన్ని సరిచేయడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చేది. పైగా ఎలుకలు వైర్లు కొరికితే, వోల్టేజీ పెరిగి డబ్బా కాలిపోతే, సంచి భుజాన వేసుకుని బోధన్ బస్సెక్కేది నేనే.

మంజీర ఒడ్డున ఆ కంప్యూటర్ అక్క ఇంట్లో ఉండేది. నాకు సొంత అక్క కాదు. వయసులో పెద్దది, మొదటిరోజే నాకు జొన్నరొట్టె పెట్టి "తిని మాట్లాడు" అన్నది, అక్కడి నుంచి అక్క. సొంత చేనుతోపాటు కౌలుకు కొంత తీసుకుని మొత్తం చెరుకే వేసేది. కంప్యూటర్‌ను బియ్యం సంచుల పక్కన స్టూలు మీద పెట్టి, దానికి తన పాత చీర కప్పేది. కోతల కాలంలో ఆ ఊరంతా ఆమె వాకిట్లోనే ఉండేది. ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు నది అవతలి నుంచి, అదీ గాలివాటుగా వస్తుంది. ఎవరికైనా ఫోన్ చేస్తే మరాఠీలో ఒకావిడ ఏదో చెప్పి పెట్టేస్తుంది. ఆ ఆడమనిషి తనకు చుట్టమైందని అక్క నవ్వేది.

పునాది మార్చుదామన్న ప్రతిపాదన సార్ దగ్గర నుంచే వచ్చింది. అప్పటికి ఆయన వైద్యం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఊరికో కంప్యూటర్ తీసేసి, అన్ని ఊళ్ళ వివరాలూ ఒక్కచోట, ఎక్కడో ఒక పెద్ద సర్వర్‌లో పెడదామని. ఎవరో దాతలు దాన్ని ఉచితంగా ఇస్తామన్నారట. లెక్కల్లో తేడాలు రావు, ఎలుకల బాధ ఉండదు, నేను బస్సులెక్కి తిరగక్కర్లేదు. ఆ చివరి ముక్క ఆయన నా పేరు పెట్టి మరీ రాశారు. "ఒక్క అమ్మాయి మీద ఇంత భారం వేయడం అన్యాయం" అని. నాకోసం చేస్తున్న మంచి నాకే గొంతులో అడ్డం పడింది.

ఫోన్ చేసి, సిగ్నల్ లేని ఊళ్ళ సంగతేమిటి సార్ అన్నాను. సిగ్నలు రోజురోజుకూ బాగుపడుతోంది కదా అన్నారు. మంజీర ఒడ్డున బాగుపడలేదన్నాను. అప్పుడాయన నిజంగా సంతోషించారు. అదే పేజీలో రాయమన్నారు, మొహమాటపడవద్దన్నారు, ఈ పద్ధతి పెట్టుకున్నదే అందుకన్నారు. ఆయన గొంతులో ఒక్క పిసరు కోపం లేదు. కోపం తెచ్చుకునే మనిషైతే నా పని సులువయ్యేది.

రాశాను. రాసి ఊరుకోకుండా బోధన్ పోయాను. ఊళ్ళలో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళందరినీ బస్టాండ్ దగ్గరి హోటల్లో కలిశాను. ఒక్కరంటే ఒక్కరు కూడా సర్వర్ మంచిదనలేదు. ఒకాయన ఇది మన కొంపలు ముంచుడే అన్నాడు. అక్కకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోతల టైములో నెట్ పోతే తమ ఊరు మళ్ళీ ఆఖరుకే పోతుందని ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇదే మాట పేజీలో రాయండి, లేదా సమావేశంలో చెప్పండి, ఒక్కరు చెబితే చాలు ఆగిపోతుంది అని వాళ్ళకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అందరూ తలలూపారు. ఆ రోజు అందరం వస్తామని మాటిచ్చారు. బస్సులో తిరిగి వస్తుంటే నాకు గుండె నిబ్బరంగా ఉంది.

మాటిచ్చినట్టే వచ్చారు. సమావేశానికి అంతమంది ఎన్నడూ రాలేదు. తెరంతా నల్లటి గళ్ళు, గళ్ళలో పేర్లు, పేర్లు పెట్టుకోవడం రానివాళ్ళవి ఫోను కంపెనీల పేర్లు. అక్క ఊరి నుంచి వచ్చి, సిగ్నలు దొరికే రుద్రూర్‌లో చుట్టాలింట్లో కూర్చుని మరీ కలిసింది. నేను చెప్పవలసింది చెప్పాను. సమావేశం నడుపుతున్న విజయవాడ ఆయన చాలా మర్యాదస్తుడు, ఈ అభ్యంతరాన్ని ఎవరైనా బలపరుస్తారా అని అడిగాడు. ఎవరిదో బర్రె అరిచింది. ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది. ఆయన మళ్ళీ అడిగాడు. సార్ కూడా, అమ్మా, అయ్యా, చెప్పండి, నేనేమీ అనుకోను అన్నారు.

ఒక్క నోరూ లేవలేదు.

విజయవాడ ఆయన రాసుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఇంత పెద్ద సంఖ్యలో రైతులు పాల్గొని ఆమోదించడం ఈ ప్రాజెక్టుకే గర్వకారణం అని కూడా అన్నాడు. చప్పట్ల బొమ్మలు తెర మీద పైకి తేలాయి. అందులో కొన్ని మావాళ్ళవే. నేను ల్యాప్‌టాప్ మూసేసిన మోతకు మా అవ్వ ఒళ్ళో చాట కదిలింది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను ముందుకు తోసి మీరంతా తప్పుకున్నారన్నాను. మీ నోళ్ళు పడిపోయాయా అన్నాను. ఆమె అంతా విన్నది. తర్వాత అర్థం కానట్టుగా అన్నది.

"గదేంది పిల్లా? మేమందరం వచ్చి నీ ఎనుక కూసున్నం గదా."

నాకు మొదట ఎక్కలేదు. కూర్చుంటే ఏమొస్తుంది, మాట్లాడాలి కదా అన్నాను. నువ్వు మాట్లాడినవ్ గదా, ఇంకెంతమంది మాట్లాడాలి, అందరు నోరు తెరిస్తే సార్ మీదికి కొట్లాటకు పోయినట్టుండదా అన్నది. ఫోన్ పెట్టేశాను. అప్పటిదాకా బీడీ దారం చుడుతూ వింటున్న మా అవ్వ తల ఎత్తకుండానే నాకు పాఠం చెప్పింది. ఊళ్ళో పంచాయితీ అయితే ఒక పక్షానికి ఒక్కరే మాట్లాడతారు. మిగిలినవాళ్ళు వచ్చి ఆ మనిషి వెనక కూర్చుంటారు. ఎవరి వెనక ఎంతమంది కూర్చున్నారో పెద్దమనుషులు చూస్తారు. రెండో మనిషి లేచి మాట్లాడితే మొదటి మనిషి మాట మీద నమ్మకం లేదన్నట్టు. నా పెళ్ళి గొడవప్పుడు మా మేనమామ ఒక్కడే మాట్లాడాడనీ, మా వాడకట్టంతా నోరు మెదపకుండా ఆయన వెనక కూర్చుంటేనే పంచాయితీ నెగ్గామనీ గుర్తుచేసింది.

"గా కంప్యూటర్ల ఎనుక ముంగట ఉంటదా?" అని అడిగింది అవ్వ.

ఉండదు. తెర మీద అందరూ పక్కపక్కన గళ్ళలో ఉంటారు. ఎవరు ఎవరి వెనక కూర్చున్నారో దేవుడికి కూడా తెలియదు. వాళ్ళంతా నా పక్షాన కూర్చోవడానికి పనులు మానుకుని, సిగ్నల్ వెతుక్కుని వచ్చారు. ఆ రాకే నాకు ఎదురు లెక్కలో పడింది.

విజయవాడ ఆయనకు ఈ సంగతి రాశాను. ఆయన ఎగతాళి చేయలేదు. చాలా ఆసక్తిగా ఉంది అన్నాడు. కానీ మాట్లాడని మనిషి మనసులో ఏముందో ఎవరో ఒకరు చెప్పడం మొదలుపెడితే, మళ్ళీ నలుగురు పెద్దలు ఎవరింట్లోనో కూర్చుని జనం తరఫున తేల్చే రోజులే వస్తాయి కదా అన్నాడు.

ఆ ఏడు కోతలు కొత్త పునాది మీద నడిచాయి. రోడ్డు పక్క ఊళ్ళకు బాగానే ఉంది. అక్క ఊళ్ళో కోతలకు ముందు వివరాలు ఎక్కించాలంటే, ఫోను పట్టుకుని నది గట్టు మీదికి పోవాలి. ఎక్కించామనుకున్నవి ఎక్కలేదు. చక్రం తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయేది. పాత కంప్యూటర్‌లో వాళ్ళ చెరుకంతా ఉంది, కానీ ఆ కంప్యూటర్‌తో మాట్లాడేవాళ్ళు లేరు. ముకాదం ఫోను తెరిచి చూపించాడట. నావ్ నాహీ, పేరు లేదు అన్నాడట. అతని తప్పేమీ లేదు, వరుసలో ఉన్న చేనుకే పోవాలని మేమే కదా ఒప్పించింది.

నేను చేయగలిగింది చేశాను. గట్టు మీద నిలబడి అక్క చెబుతుంటే కాలేజీలో కూర్చుని నేను వివరాలు ఎక్కించాలని చూశాను. సగం మాటలు గాలికి పోయేవి, మిగతా సగం మరాఠీ ఆవిడ మింగేది. ఎక్కినవి ఆలస్యంగా ఎక్కాయి. ఆలస్యంగా ఎక్కినవి వరుసలో వెనక్కి పోయాయి. ముఠా ఆ ఊరికి వచ్చేసరికి మామిడికాయలు వచ్చాయి. చెరుకు తెల్లగా పూసి నిలబడింది. నేనక్కడికి పోయినరోజు అక్క ఒక గడ విరిచి చూపించింది. లోపల బెండు. నోట్లో పెట్టుకుంటే రసం లేదు, పీచు. ఆమె దాన్ని గట్టు మీద పడేసి, నాకు ఎండ తగులుతుందని నీడకు రమ్మన్నది.

కోసిన మొదళ్ళ నుంచి చెరుకు మళ్ళీ మొలుస్తుంది, దాన్ని కార్శి అంటారు. విత్తనం ఖర్చు ఉండదు కనుక చిన్న రైతుకు కార్శే దిక్కు. అయితే వచ్చే ఏడు కూడా వరుస ఇట్లాగే ఉండేటట్టయితే కార్శి ఉంచి లాభం లేదు, దున్నేసి ఇంకేదో వేసుకోవాలి. చేను కౌలుకిచ్చినాయన కూడా తొందరపెడుతున్నాడు. అక్క నన్ను అడిగింది ఆ ఒక్కటే. వరుస మళ్ళీ మునుపటిలాగ అయితదా కాదా అని. అయ్యేటట్టు చేస్తానన్నాను.

మళ్ళీ పేజీ తెరిచాను. ఊరికో కంప్యూటర్ పునాదిని తిరిగి తేవాలని, కనీసం సిగ్నల్ లేని ఊళ్ళకైనా తేవాలని ప్రతిపాదన రాశాను. బెండు చెరుకు ఫోటో పెట్టాను. నియమం అదే, నా ప్రతిపాదనను ఇంకొకరు బలపరచాలి. పుణెవాళ్ళు వేరే పనుల్లో పడిపోయారు. మిగతా ఊళ్ళవాళ్ళకు సర్వర్ అలవాటైంది. ఇంకెవరూ లేరు, ఇక అక్కే.

ఆమెకు ఫోన్‌లో మాట నేర్పించాను. ఈమె చెప్పింది నిజం, నేను ఒప్పుకుంటున్న. అంతే. పెళ్ళిలో మంత్రం చెప్పినట్టు చెప్పించాను. బాగానే చెప్పింది. గట్టు మీద గాలి హోరులో కూడా స్పష్టంగా వినిపించింది. ఇక భయం లేదనుకున్నాను.

సమావేశం ఉన్న ఆదివారం మధ్యాహ్నం మా గల్లీలో ఆటో ఆగింది. అక్క దిగింది. ఆమె వెనక ఆమె పెనిమిటి, ఆమె తోడికోడలు, ఇంకా ఆ ఊరివాళ్ళే ముగ్గురు. ఉతికిన బట్టలు కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెద్ద పనికి వచ్చినట్టు వచ్చారు. ఒక సంచిలో మాకు పెసలు తెచ్చారు. ఫోన్‌లో మాట్లాడితే సరిపోయేది కదా, ఇంతదూరం ఎందుకొచ్చారన్నాను. పోయినసారి కనబడలేదని కోపం చేసినవు గదా, గందుకే సక్కగ ఈడికే వచ్చినం అన్నాడు అక్క పెనిమిటి. మా అవ్వ ఆకు బుట్ట, చాట గోడవారకు జరిపి చాప పరిచింది. నేను కుర్చీలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వాళ్ళు నా వెనక, కెమెరాకు కనబడేటట్టు, ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

తెర మీద సార్ వచ్చారు. చూసి గుర్తుపట్టలేకపోయాను. మొహం పీక్కుపోయింది. చెవుల చుట్టూ మఫ్లర్. వెనక మందుల సీసాలు. ఆయన ఆరోగ్యం అంత చెడిందని మాకెవరికీ తెలియదు. నా వెనక ఎవరో అయ్యో అన్నారు.

నేను చెప్పవలసింది చెప్పాను. నది గట్టు సంగతి చెప్పాను, ముకాదం సంగతి, కార్శి సంగతి కూడా చెప్పాను. సార్ శ్రద్ధగా విన్నారు, మధ్యలో దగ్గు ఆపుకున్నారు. విజయవాడ ఆయన ఎప్పటిలాగే మర్యాదగా, బలపరిచేవాళ్ళు ఉన్నారా అని అడిగాడు. నేను కుర్చీ పక్కకు జరిపి అక్కను ముందుకు రమ్మన్నాను.

అక్క కొంగు భుజం మీదుగా కప్పుకుని ముందుకు జరిగింది. రెండు చేతులూ జోడించింది.

"నమస్తే సార్. పానం మంచిగున్నదా?"

సార్ మొహం విప్పారింది. ఆమె తమ్ముణ్ణి పేరు పెట్టి అడిగారు. వాడు సార్ దగ్గరే చదివాడు. తర్వాత, నిజంగా తెలుసుకోవాలనే, చెరుకు ఎట్లా ఉందమ్మా అని అడిగారు.

"మంచిగనే ఉన్నది సార్," అన్నది అక్క.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. అక్కా, ఆ మాట, నేర్చుకున్న మాట చెప్పు అని గొణిగాను. ఆమె నా వంక చూసింది. ఆ చూపులో భయం లేదు. మంచం పట్టిన మనిషితో అట్లాంటి మాట అంటారా అన్నట్టుంది. విజయవాడ ఆయనే మళ్ళీ అడిగాడు. అమ్మా, ఈ ప్రతిపాదన గురించి ఏమైనా చెబుతారా అన్నాడు. సర్వర్‌తో ఇబ్బంది ఉంటే చెప్పమ్మా, చెప్పడానికే ఇది, నేనేమీ అనుకోను అన్నారు సార్. బతిమాలినట్టే అన్నారు. అక్క నవ్వి, మళ్ళీ దండం పెట్టి, నెమ్మదిగా వెనక్కి జరిగి తన చోట కూర్చున్నది. మిగిలినవాళ్ళు ఆమెకు చోటిచ్చారు.

నేనే అన్నాను. వీళ్ళంతా ఇక్కడ ఉన్నారు, చూడండి, నా వెనక కూర్చున్నారు, మా దగ్గర దానర్థం ఇదీ, మీకు రాశాను కదా అన్నాను. గొంతు పెరిగింది. విజయవాడ ఆయన నిజంగానే ఇబ్బందిపడ్డాడు. కానీ ఆమె చెరుకు బాగుందని చెప్పారు కదండీ అన్నాడు. బలపరిచినవారు లేరని రాసుకున్నాడు. మా గది మొత్తానికి ఒకటే గడి కనుక హాజరులో నా పేరొక్కటే పడింది. సార్ అందరికీ చెయ్యి ఊపారు. తెర నల్లబడింది.

కాసేపు నేను కుర్చీలో నుంచి లేవలేదు. వెనక్కి తిరిగితే ఏడుస్తానని తెలుసు. అవ్వ చాయ్ పెట్టింది. వాళ్ళు తాగుతూ సార్ గురించే మాట్లాడుకున్నారు. ఎట్లాంటి మనిషి ఎట్లయిండు అని. ఒకరోజు పోయి చూసి రావాలె అని. బోధన్ బస్సు టైమయిందని లేచారు. చెప్పులు తొడుక్కుంటూ అక్క నన్ను అడిగింది.

"ఈసారన్న కనవడ్డమా మేము?"

కనబడ్డారక్కా అన్నాను. అందరూ కనబడ్డారు.

ఆమె తృప్తిగా తలాడించింది. అప్పుడు నేను, సిగ్గు విడిచి, కార్శి ఇంకొక్క నెల ఉంచు, మళ్ళీ రాస్తాను, ఏదో ఒకటి చేస్తాను అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

"కార్శి మొన్ననే దున్నిపిచ్చినం పిల్లా. నువ్వొక్కదానివే కూసుంటవని వచ్చినం."